అవధూతకు దొరకని పక్షి

భాగవతం పదకొండో స్కంధంలో యదు మహారాజుకు ఒక యువ అవధూత ఎదురవుతాడు. ఇల్లూ లేదు, వాకిలీ లేదు, అయినా ముఖం వెలిగిపోతూ ఉంటుంది. నీకీ ఆనందం ఎక్కడిదయ్యా అని రాజు అడిగితే, తనకు ఇరవైనలుగురు గురువులున్నారని చెప్పి ఒక్కొక్కరి దగ్గరా ఏం నేర్చుకున్నాడో చెబుతాడు. భూమి, గాలి, ఆకాశం, నీళ్లు, నిప్పు, చంద్రుడు, సూర్యుడు. ఎనిమిదో గురువు పావురం. (తెలుగులో ఈ స్కంధం పోతనగారిది కాదు, వెలిగందల నారయది.)

పావురం కథ చిన్నది. అడవిలో చెట్టు మీద గూడు కట్టుకున్న జంట. పిల్లలు పుట్టాయి, వాటి కూతలు వింటూ, మెత్తటి ఈకలు తాకుతూ మురిసిపోయాయి. తల్లీ తండ్రీ మేతకు వెళ్లినప్పుడు బోయవాడు వలపన్ని పిల్లల్ని పట్టాడు. తిరిగొచ్చిన తల్లి ఏడుస్తూ వెళ్లి వలలో పడింది. తండ్రి కాసేపు విలపించి, తెలిసి తెలిసి తనూ వలలో దూకాడు. బోయవాడు అన్నిటినీ పట్టుకుని ఇంటికి పోయాడు. మోక్షానికి తలుపు తెరిచి ఉన్న మానవ జన్మ ఎత్తి కూడా ఇంటిని పట్టుకుని వేలాడేవాడు ఈ పక్షి లాంటివాడేనని అవధూత తేల్చేస్తాడు.

ఈ కథ మా ఇంట్లో చాలాసార్లు వినిపించేది. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా బాబాయి సంసారం వదిలి ఉత్తరాదిన ఒక ఆశ్రమంలో చేరిపోయారు. అప్పటికి ఆయనకు ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఇంకా మాటలు సరిగా రాలేదు. పిన్ని రాజమండ్రిలో మా వెనక వాటాలో ఉండి, జాకెట్లు కుట్టి వాళ్లని పెంచింది. చుట్టాలు వచ్చినప్పుడల్లా "వాడి జన్మ ధన్యం, వల తెంచుకుని పోయాడు" అనేవారు. పావురం కథ అప్పుడే వచ్చేది. కాషాయంలో బాబాయి ఎప్పుడైనా మా ఊరికి ప్రవచనానికి వస్తే, పిన్ని మిషను మీద గుడ్డ కప్పి, ఉతికిన చీర కట్టుకుని వెళ్లి ఆడవాళ్ల వైపు చివర కూర్చునేది. పూర్తయ్యాక అందరితోపాటు దణ్ణం పెట్టి ఇంటికొచ్చి మళ్లీ మిషను తొక్కేది. దాని గురించి ఆవిడ నోటి వెంట ఒక్క మాట కూడా నేను వినలేదు.

బాబాయి వైరాగ్యం నిజమైనదే. దగ్గరగా చూశాను కాబట్టి అందులో నాకు అనుమానం లేదు. నా ప్రశ్న వేరు. గూడు వదిలితేనే వైరాగ్యమా? గూట్లో ఉన్నదాన్ని వైరాగ్యం అనడానికి మన దగ్గర మాటే లేదా? ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పాను, ఉదయం పూట భాగవతం చదువుకోవడం మానలేదు. ఈ రెండు అలవాట్లూ ఒకే ప్రశ్న దగ్గర కలిసింది మాత్రం ఆల్పైన్ స్విఫ్టును దగ్గరగా చూశాక.

మా అమ్మాయి జూరిచ్‌లో ఉంటుంది. ఒక వేసవిలో నన్ను లూసర్న్ తీసుకెళ్లింది. అక్కడ రాయిస్ నది మీద పాత చెక్క వంతెన, దాని పక్కన నీళ్లలోంచి లేచిన ఎనిమిది పలకల రాతి బురుజు ఉన్నాయి. స్విట్జర్లాండ్ వెళ్లిన మనవాళ్లంతా దాని ముందు ఫొటో దిగుతారు. 1300 ప్రాంతంలో కట్టిన ఆ బురుజు కొన్నాళ్లు ఖజానా, కొన్నాళ్లు చెరసాల, మనుషుల్ని చిత్రహింస పెట్టిన చోటు కూడా. ఇప్పుడు దాని పైకప్పు కింద కాపురం ఉంటున్నది ఈ పక్షులు. సాయంత్రం గుంపుగా బురుజు చుట్టూ తిరుగుతూ, గొంతులో ఏదో గిరగిర తిప్పినట్టు పొడవుగా కూస్తూ, మన చూపు అందుకోలేనంత వేగంగా వచ్చి కంతల్లోకి దూరిపోతాయి. చుట్టూ జనం హంసల్ని చూస్తున్నారు. నేను మెడ నొప్పెట్టేదాకా పైకే చూస్తూ నిలబడ్డాను.

ఆల్పైన్ స్విఫ్టు, అంటే కొండ స్విఫ్టు, కొండజాతి పక్షి. దక్షిణ యూరప్ నుంచి హిమాలయాల దాకా నిటారు కొండచరియల్లో, రాతి పగుళ్లలో గూడు పెడుతుంది. మన పడమటి కనుమల్లోనూ ఉంది. జోగ్ జలపాతం దగ్గర శరావతి నది 250 మీటర్ల పైనుంచి దూకే ఆ రాళ్లు దాని స్థావరాల్లో ఒకటి. కాలేజీ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడు నీటి తుంపర లోంచి బాణాల్లా దూసుకుపోయే పక్షుల్ని చూశాం. బొద్దుగా, జానెడు పొడవు, వంద గ్రాముల బరువు. రెక్కలు చాపితే మాత్రం అర మీటరు దాటుతుంది. పైనంతా గోధుమ రంగు, పొట్టా గొంతూ తెలుపు, మధ్యలో ఎదకు అడ్డంగా గోధుమ పట్టీ. కాళ్లు ఉన్నాయా అన్నంత పొట్టి. వేళ్లు నాలుగూ ముందుకే తిరిగి ఉంటాయి కాబట్టి గోడకు గోళ్లు తగిలించి వేలాడగలదు గాని, కొమ్మ మీద మిగతా పక్షుల్లా కూర్చోలేదు. చదునైన నేల మీద పడిందంటే లేవడం కష్టం.

స్విట్జర్లాండ్‌లోని సెంపాఖ్ పక్షి పరిశోధన సంస్థకు చెందిన ఫెలిక్స్ లీష్టి, ఆయన సహచరులు 2011లో బాడెన్ అనే ఊళ్లో ఆరు పక్షుల వీపులకు గ్రామున్నర బరువుండే చిన్న పరికరాలు కట్టారు. పక్షి ఒంటి కదలికనూ, చుట్టూ ఉన్న వెలుతురునూ అవి నమోదు చేస్తాయి. సూర్యోదయ సూర్యాస్తమయాల వేళలను బట్టి పక్షి ఎక్కడుందో లెక్కగట్టవచ్చు. మరుసటి ఏడాది మూడు పక్షుల్ని మళ్లీ పట్టి పరికరాలు విప్పి చూశారు. శరత్కాలంలో బయల్దేరి, సహారా దాటి, పశ్చిమ ఆఫ్రికా మీద చలికాలం గడిపి, వసంతంలో తిరిగొచ్చే దాకా, దాదాపు 200 రోజులు, ఆ పక్షులు ఎక్కడా వాలిన జాడ లేదు. పగలూ రాత్రీ గాల్లోనే. తిండి గాల్లో కొట్టుకొచ్చే పురుగులు. నీళ్లు ఎగురుతూనే నదుల మీద నోరు ఆనించి తాగాలి. కదలిక తగ్గిపోయి రెక్కలు చాపుకుని తేలే ఘడియలు ఆ లెక్కల్లో కనిపిస్తాయి. విశ్రాంతి అంటే అదే. 2013లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. గాల్లో నిద్ర పట్టే పక్షులు ఉన్నాయనడానికి మూడేళ్ల తర్వాత మరో రుజువు దొరికింది: గాలపగోస్ దీవుల ఫ్రిగేట్ పక్షుల మెదడు తరంగాల్ని నీల్స్ రాటెన్‌బోర్గ్ బృందం కొలిస్తే, సముద్రం మీద ఎగురుతూ అవి రోజుకు సగటున 42 నిమిషాలు నిద్రపోతున్నట్టు తేలింది.

వరాహోపనిషత్తు ముక్తికి రెండు దారులు చెబుతుంది. వామదేవుడిది చీమ దారి, మెల్లమెల్లగా, దశదశగా. శుకుడిది పక్షి దారి, మధ్యలో ఎక్కడా ఆగేది లేదు. పుట్టగానే తండ్రి వ్యాసుడు వెనకనుంచి పిలుస్తున్నా ఆగకుండా పోయిన శుకుడు మనకు వైరాగ్యానికి కొలబద్ద. మా చుట్టాలు ఈ పక్షిని చూసి ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. నేల ముట్టదు, కొమ్మ పట్టదు, దాచుకోదు, రేపటి తిండి గాలికే వదిలేస్తుంది. అవధూత చూసి ఉంటే పావురానికి బదులు దీన్నే ఎనిమిదో గురువుగా పెట్టుకునేవాడేమో.

కాని ఏప్రిల్ వస్తుంది. ఆరేడు నెలలు ఆకాశాన్ని తప్ప దేన్నీ తాకని ఆ పక్షి, తనకు ఏ విధంగానూ అనువుగాని రాయి మీదికి దిగుతుంది. దిగేది ఎక్కడో కాదు, కిందటేడు వదిలి వెళ్లిన పగులుకే, కిందటేటి జతకే. సోలోథుర్న్ పట్టణంలో హాన్స్ ఆర్న్ అనే ఆయన దశాబ్దాలపాటు ఈ పక్షుల కాళ్లకు వలయాలు తొడిగి లెక్క రాశారు. అక్కడి జెసూయిట్ చర్చి అటక మీద, ఊరి పాత ద్వారం మీద ఉన్న గూళ్లకు అవే పక్షులు ఏటా తిరిగి రావడం ఆ రాతల వల్లే లోకానికి రూఢిగా తెలిసింది. ఈ జాతిలో పాతికేళ్లు దాటి బతికిన పక్షులు నమోదయ్యాయి. అంటే ఒక్క ప్రాణి, ఒక్క కంతకు, ఖండం దాటి దాదాపు ఏటేటా.

గూడు ఎలా కడుతుందో చెప్పాలి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. నేలకు దిగి పుల్ల ఏరుకోలేదు కాబట్టి గాలికి కొట్టుకొచ్చే ఈకల్ని, గడ్డి పోచల్ని ఎగురుతూ పట్టుకుంటుంది. వాటిని తన నోటి జిగురుతో రాతికి అతికిస్తుంది. అట్లా చిన్న గిన్నె లాంటి గూడు తయారవుతుంది. అందులో రెండు మూడు గుడ్లు. ఆడా మగా వంతులేసుకుని మూడు వారాలు పొదుగుతాయి. 200 రోజులు కదలకుండా ఉండటమే ఎరగని ఒళ్లు, చీకటి కంతలో గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది. పిల్లలు పుట్టాక తల్లీ తండ్రీ గొంతు సంచి నిండా పురుగుల్ని ఉండగట్టి తెస్తాయి, ఒక్కో ఉండలో వందల పురుగులు. వానలు ముసురు పట్టి పురుగులు దొరకని రోజుల్లో పిల్లలు తమ ఒంటి వేడిని తగ్గించుకుని, కండల్ని కరిగించుకుని ఓర్చుకుంటాయి. ఇట్లా ఏడెనిమిది వారాలు.

తర్వాత ఒక రోజు పిల్ల కంత అంచుకు వచ్చి కిందికి దూకుతుంది. ఎగరడం ఎవరూ నేర్పలేదు, తోడెవరూ రారు. స్విఫ్టు జాతుల్లో సాధారణంగా గూడు వదిలిన పిల్లకు తల్లిదండ్రులు మళ్లీ తిండి పెట్టడం ఉండదు. ఆ దూకడంతోనే బంధం పూర్తయిపోయింది. పిల్ల వెనక పడటం లేదు, కంత దగ్గర కూర్చుని కూయడం లేదు. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి బురుజు ఖాళీ.

పావురం ఎక్కడ చిక్కుకుందో ఈ పక్షిని చూశాక నాకు స్పష్టంగా కనిపించింది. గూడు కట్టడం దాని తప్పు కాదు. పిల్లల మెత్తదనానికి మురిసిపోవడమూ కాదు. చేయగలిగిందేమీ మిగలని చోట, తన దుఃఖం తాను భరించలేక వలలో దూకడం, అదొక్కటే. అవధూత ఈ రెంటినీ విడదీయలేదు. వ్యాఖ్యానాలు చెప్పేవాళ్లూ విడదీయలేదు. పిల్లల కోసం గూట్లో ఉండటం వేరు, పిల్లలు లేకపోతే నేను లేనని గూట్లో ఉండిపోవడం వేరు. కొండ స్విఫ్టు మొదటిదాన్ని సంపూర్ణంగా చేస్తుంది, రెండోదాని జాడ కూడా దాని బతుకులో లేదు.

ఇక్కడ చదువుకున్నవాళ్లు ఆపుతారు. పక్షి చేసేదంతా స్వభావం కదా, పగటి పొడవు పెరిగితే ఒంట్లో రసాలు మారి గూటికి వస్తుంది, తగ్గితే పోతుంది, అందులో ధర్మం ఎక్కడుంది? నా విద్యార్థులకు నేను చెప్పిందీ ఆ కారణాలనే, వాటిలో ఒక్కదాన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకోను. పక్షికి వైరాగ్యం లేదు, మమకారమూ లేదు. ప్రాణులన్నీ తమ ప్రకృతిని అనుసరించే నడుస్తాయని గీత మూడో అధ్యాయంలో కృష్ణుడే అంటాడు. అవధూత కూడా తన మరో గురువైన తేనెటీగ వేదాంతం చెప్పిందని అనలేదు. దాన్ని చూసి తాను ఒకటి గ్రహించానన్నాడు. ప్రకృతిని గురువుగా పెట్టుకోవడం అంటే ఇదే. అయితే ఇందులో శిష్యుడికి ఒక బాధ్యత ఉంది. గురువు చెప్పని మాట గురువు నోట పెట్టకూడదు. 200 రోజుల ఆకాశాన్ని చూసి "చూశారా, సన్యాసి" అని, మిగతా నూట అరవై రోజుల రాతి కంతను వదిలేస్తే అది గురువును సగానికి నరకడమే. శుక మార్గం గురించి మాట్లాడేవాళ్లు చేస్తున్నది ఎక్కువగా అదే.

మన గ్రంథాలు నిజానికి ఇంత ఏకపక్షంగా లేవు. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు మరో పావురం కథ చెబుతాడు. అక్కడా బోయవాడే, అక్కడా జంట పక్షులే. తన భార్యను పట్టి పంజరంలో పెట్టుకున్న బోయవాడే చలికి వణుకుతూ చెట్టు కిందికి వస్తే, మగ పావురం ఎండుటాకులు తెచ్చి మంట వేసి, పెట్టడానికి ఏమీ లేక తన ఒంటినే ఆ మంటలో వేస్తుంది. ఈ పావురం స్వర్గానికి వెళుతుంది. బోయవాడి మనసు మారుతుంది. రామాయణంలో విభీషణుడికి అభయం ఇవ్వాలా వద్దా అన్న చర్చలో రాముడు గుర్తు చేసుకునేది ఈ పావురాన్నే. ఒకే పక్షి, ఒక చోట సంసారం నరకమని చెప్పడానికి, ఇంకోచోట గృహస్థు ఎంత ఎత్తుకు పోగలడో చెప్పడానికి. మా చుట్టాలకు ఈ రెండో కథ తెలియదని కాదు. పిన్ని ముందు కూర్చుని ఎవరూ దాన్ని చెప్పలేదు, అంతే.

ఆదిపర్వంలో ఇంకా సూటి కథ ఉంది. మందపాలుడనే ఋషి తీవ్రమైన తపస్సు చేసి, ఇంద్రియాల్ని జయించి, దేహం వదిలి పైలోకానికి వెళతాడు. తీరా అక్కడ ఆయన తపస్సుకు ఫలం దక్కదు. పిల్లల్ని కని ఆ ఋణం తీర్చలేదు, వెనక్కి వెళ్లమంటారు దేవతలు. తొందరగా సంతానం కలిగేది పక్షులకే అనుకుని ఆయన శార్ఙ్గక పక్షిగా పుడతాడు. జరిత అనే ఆడపక్షితో నాలుగు పిల్లల్ని కని, వాటిని ఖాండవ వనంలో తల్లికే వదిలేసి మరో పక్షి దగ్గరికి పోతాడు. అడవి తగలబడినప్పుడు రెక్కలు రాని పిల్లల పక్కన నిలబడి తల్లడిల్లింది జరిత. నువ్వు బతికితే మళ్లీ పిల్లలు పుడతారు, ఎగిరిపోమని ఆమెను పంపించింది పిల్లలే. వాళ్లు అగ్నిని స్తుతించి బతికారు. మందపాలుడు ముందే అగ్నిని వేడుకుని ఉన్నాడు, ఆ మాట నిజమే. అంతా ముగిశాక తిరిగొచ్చి పలకరిస్తే మాత్రం పిల్లలు ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదని వ్యాసుడు రాశాడు. ఆ మౌనాన్ని రాసినందుకు వ్యాసుడికి నేను ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో.

మా చిన్న చెల్లెలు, పిన్ని కూతురు, తండ్రి ఊరికొచ్చినప్పుడు అట్లాగే ఉండేది.

పిన్ని పోయి చాలా ఏళ్లయింది. పిల్లలిద్దరూ స్థిరపడ్డాక వాళ్ల ఇళ్లకు రమ్మని ఎంత బతిమాలినా వెళ్లలేదు. వెళ్లమని వాళ్లనే పంపింది. కొడుకు అమెరికా వెళ్లే రోజున స్టేషనుకు వచ్చి, రైలు కదిలాక వెనక్కి తిరిగి చూడకుండా నడిచి వచ్చేసింది. ఆ రోజు ఆమె పక్కన నేనున్నాను. ఏడవలేదు, గట్టిపడనూ లేదు. దారిలో కూరగాయలు కొన్నది. అవసరం ఉన్నన్నాళ్లు పూర్తిగా ఉంది, తీరగానే చెయ్యి వదిలేసింది. దేన్నీ తనదనలేదు. బాబాయిది సన్యాసమైతే, పిన్నిది అంతకు ఒక మెట్టు పైనున్న సన్యాసమని నా నిశ్చయం. అవధూత మా వెనక వాటాకు వచ్చి ఉంటే ఇరవైఅయిదో గురువు దొరికేది.

ఒక విషయం విన్నవించుకుని ముగిస్తాను. కొండ స్విఫ్టుకు చిన్న చుట్టం మన ఊళ్లలో ఉంది. నల్లగా, నడుము దగ్గర తెల్ల మచ్చతో, పిచ్చుకంత ఉంటుంది. చాలామంది దాన్ని వానకోవెల అనుకుంటారు. పాత గుళ్ల మండపాల మూలల్లో, గోపురం బొమ్మల వెనక, కోటల్లో, వంతెనల కింద గుంపులుగా గూళ్లు పెడుతుంది. ఇది పెద్దదానిలా ఖండాలు దాటదు, ఏడాదంతా రాత్రికి గూటికే చేరుతుంది. లూసర్న్‌లో వంతెన చూడటానికి వచ్చే లక్షల మంది మధ్యనే ఆ బురుజు పక్షులకు చోటు మిగిలింది. మన దగ్గర జీర్ణోద్ధరణ అనగానే మొదట జరిగేది కంతల్లో సిమెంటు కూరడం, గూళ్లు గోకి రంగు వెయ్యడం. లోపల పిల్లలున్నాయా లేవా అని చూసేవాళ్లు తక్కువ. ఈ స్విఫ్టు చెట్టు మీద గూడు పెట్టలేదు, నేల మీద పెట్టలేదు. గోడ మూసేస్తే దానికి ఇంకో చోటు లేదు. మీ ఊరి గుడి కమిటీలో మీరుంటే, కుంభాభిషేకం పనులు మొదలుపెట్టే ముందు మేస్త్రీతో ఒక మాట చెప్పండి: గూళ్లున్న మూలల్ని పిల్లలు ఎగిరిపోయాకే ముట్టుకోమని, వీలైతే ఆ కంతల్ని అట్లాగే ఉంచమని.